మద్దెల మంచిదే, నేలే ఓడు

మూసాపేటలో ఎవరింటి పొయ్యి మీద ఏముడుకుతోందో మూత తీయకుండా చెప్పగల మనిషి రుక్కమ్మ. పుట్టింది పుప్పాలగూడలో. పెళ్ళయి మూసాపేటకు వచ్చిన రోజే అత్తగారిని పట్టుకుని, "గీ ఇంటికి రెండు తలుపులెందుకత్తా, రెండోదాంట్లకెల్లి ఎవరొస్తరు?" అని అడిగిందట. ఆ అత్త బతికున్నన్నాళ్ళూ ఆ మాట అందరికీ చెప్పి నవ్వేది. బస్సు కండక్టరును టికెట్టుకు చిల్లెందుకు పెడతావని అడిగేది. బోరింగు వేసేవాళ్ళను, కింద నీళ్ళున్నాయని పైనున్న మీకెట్లా తెలుసని అడిగేది. జవాబు సరిగ్గా రాకపోతే అక్కణ్ణుంచి కదిలేది కాదు.

ఆమెకు ఒక్కతే కూతురు, అండాలు. పాలు మరిచిన ఏడాదే ఆ పిల్లకు పెద్ద జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ జ్వరం వినికిడిని పట్టుకుపోయింది. దవాఖానలో డాక్టరు ఇక రాదని చెప్పేశాడు. చుట్టాలు తలా ఒక మొక్కు చెప్పారు. రుక్కమ్మ కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కొంగు నడుముకు చుట్టింది.

"నా బిడ్డ అడగలేనియి గూడ ఇగ నేనే అడగాలె" అంది మొగుడితో.

"ఇప్పటిదాక అడిగినయి చాలవా?" అన్నాడు ఫ్యాక్టరీ షిఫ్టుకు బయల్దేరుతూ ఆయన.

ఊరి చివర చెవిటి పిల్లల బడి ఉందని తెలిసి అండాలును అక్కడ చేర్పించింది. అప్పట్లో ఆ బడి ఒక పాత మేడలో కిరాయికి నడిచేది. గోడలు పెచ్చులూడిపోయేవి, వానొస్తే మెట్ల మీద బకెట్లు పెట్టేవాళ్ళు. మేడ మీద మాత్రం ఒక పెద్ద గది, దానికి చెక్కల నేల. ఎవరు నడిచినా కిర్రుమనేది. ఆ గదిలోనే రాజరాజేశ్వరి టీచరు ఆడపిల్లలకు కోలాటం నేర్పేది. ఆవిడది బందరు. ఒడిలో మద్దెల పెట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వాయిస్తూ, తల ఊపుతూ ఉండేది. పిల్లలు రెండు వలయాలుగా తిరుగుతూ కోలలు కలిపేవాళ్ళు. దెబ్బ తప్పేది కాదు. వినపడని పిల్లలు తాళం తప్పకుండా ఎలా ఆడతారని ఎవరైనా అడిగితే, "నా తల చూసి ఆడతారండీ" అని టీచరు కాస్త గర్వంగానే చెప్పేది. పేరుకు బదులు పిల్లలు ఆవిడకు పెట్టుకున్న గుర్తు కూడా అదే, తల పైకీ కిందికీ ఊపడం. రుక్కమ్మకు గుర్తు, నడుం మీద చెయ్యి.

బడి కార్యదర్శి యజ్ఞనారాయణకు గుర్తు, వేలితో కళ్ళజోడు పైకి తోయడం. ఈ గుర్తుల సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేవాడు కాదు. పిల్లలు పెదవులు చూసి మాట నేర్చుకోవాలి గానీ కోతుల్లా చేతులు ఊపకూడదని ఆయన పట్టుదల. చెడ్డవాడు కాదు. ఇంజనీరుగా రిటైరై, ఉన్న ఓపికంతా ఆ బడికే పెట్టాడు. ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసి కొత్త భవనం కట్టించాడు. ముందు పెద్ద ఆవరణ, ఆవరణలోకి తెరుచుకునే ఎత్తైన స్టేజీ. ఆ స్టేజీకి షాబాద్ బండలు తనే దగ్గరుండి ఏరి, నున్నగా పాలిష్ పట్టించి, అతుకు కనపడకుండా పరిపించాడు. వంగి చూస్తే మొహం కనపడేది. డెబ్భై అయిదులో వానలు వెనకపడగానే బడి అక్కడికి మారింది. "ఇక ఆ కిర్రుమనే చెక్కల పీడ వదిలింది" అని ఆయన అందరికీ పేడాలు పంచాడు.

ఆ కొత్త స్టేజీ ఎక్కిన రోజు నుంచే కోలాటం చెడింది.

ఎందుకో ఎవరికీ తెలియలేదు. అదే మద్దెల, అదే టీచరు, అవే కోలలు. కానీ ఒకరి కోల ఇంకొకరి కోలకు తగలడం మాని వేళ్ళ కణుపులకు తగలడం మొదలుపెట్టింది. అండాలు లోపలి వలయానికి ముందుండే పిల్ల. అందరి దెబ్బలూ ఆమెకే. సాయంత్రం ఇంటికొచ్చి వాచిన వేళ్ళు దాచుకునేది. అన్నం ముద్ద ఎడమ చేత్తో కలుపుతుంటే రుక్కమ్మ చూసింది. కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసి మర్నాడు బడికి వెళ్ళింది.

స్టేజీ మీద ఆట నడుస్తోంది. యజ్ఞనారాయణ కింద కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"సారూ, మా పోరి వేళ్ళు చూసిండ్రా? గిట్లెందుకైతున్నది?" అంది రుక్కమ్మ.

"శ్రద్ధ లేదమ్మా. కొత్త భవనం చూసి పిల్లలు ఒళ్ళు మరిచారు. ముఖ్యంగా మీ అమ్మాయి."

"మంచిగ ఆడే పిల్లలు ఒక్కదినంల ఒళ్ళు మరుస్తరా? మద్దెల సప్పుడు చాలుత లేదేమో!"

యజ్ఞనారాయణ నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకావిడ. ఆ సామెత మీకోసమే పుట్టినట్టుంది." తర్వాత నవ్వు మాని చెప్పాడు. "చూడమ్మా, ఫిబ్రవరిలో వార్షికోత్సవం. విద్యాశాఖ నుంచి పెద్దాయన వస్తున్నారు. ఆయన ముందు ఇలా వేళ్ళు పగలగొట్టుకుంటే నా పరువు పోతుంది. ఆ రోజు సరిగ్గా ఆడితే సరే. లేదంటే జూన్ నుంచి ఈ ఆట గంట తీసేసి స్టేజీ మీద కుట్టు మిషన్లు వేయిస్తాను. వినపడని పిల్లలకు కుట్టుపని కూడు పెడుతుంది. ఆట ఏం పెడుతుంది?"

రుక్కమ్మ జవాబు చెప్పబోయింది గానీ, అండాలు స్టేజీ మీద నుంచి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇంటికెళ్ళే దారిలో ఆ పిల్ల కుట్టు మిషను చక్రం తిప్పినట్టు చేసి, రెండు చూపుడు వేళ్ళు కొట్టుకునే కోలాటం గుర్తు చేసి, దాన్ని చెరిపేసినట్టు గాలిలో అరచెయ్యి ఆడించింది. నిజమేనా అన్నట్టు తల్లివైపు చూసింది. పెదవులు చదివేసింది. రుక్కమ్మకు అబద్ధం ఆడడానికి చేతులు రాలేదు.

అండాలుకు కోలాటం తప్ప బడిలో గెలిచేది ఇంకోటి లేదు. పెదవులు చూసి మాట్లాడమంటే గొంతు సరిగ్గా పలికేది కాదు. పక్కింటి పిల్లలు వెక్కిరించేవాళ్ళు. వలయంలో ముందు నిలబడి కోల ఎత్తినప్పుడు మాత్రం ఆమె ఎత్తితేనే అందరూ ఎత్తేవాళ్ళు.

'మద్దెల సప్పుడే చాలుత లేదు' అని రుక్కమ్మ గట్టిగా నమ్మింది. పుప్పాలగూడకు కబురు పెట్టింది. ఆమె తమ్ముడు ఐలయ్య ఒగ్గు కథలకు డోలు వాయించేవాడు. ఆ డోలు మోగితే పక్క ఊళ్ళో మేకలు బెదిరేవి. ఆదివారం పొద్దున్నే ఎడ్లబండిలో డోలు వేసుకుని వచ్చాడు.

"ఏందక్కా, చెవిటోళ్ళకు డోలా?" అన్నాడు బండి దిగుతూనే.

"నోర్మూయ్. కొట్టమన్నకాడ కొట్టు."

ఆ రోజు సెలవైనా టీచరు పిల్లల్ని పిలిపించింది. యజ్ఞనారాయణ కూడా వేడుక చూడ్డానికి వచ్చాడు. ఐలయ్య స్టేజీ మీద నిలబడి డోలు భుజానికి తగిలించుకుని కొట్టాడు. చుట్టుపక్కల కాకులన్నీ లేచాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. టీచరు చెవులు మూసుకుంది. పిల్లలు మాత్రం కోలలు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. అండాలు తల్లివైపు తిరిగి అరచేతులు రెండూ ఖాళీగా చూపించింది. ఏమీ లేదు.

"ఇప్పుడు డోలు కూడా ఓడేనా అమ్మా?" అన్నాడు యజ్ఞనారాయణ.

రుక్కమ్మకు జీవితంలో మొదటిసారి అడగడానికి ప్రశ్న దొరకలేదు. తమ్ముణ్ణి తీసుకుని గేటు బయటికి నడిచింది.

బయట బండి నిలిపి ఉంది. ఎడ్లను విప్పి చెట్టుకు కట్టేశారు, బండి కాడి కింద దుంగ మోపారు. ఐలయ్య డోలును బండి చెక్కల మీద దింపాడు. వెనకాలే వచ్చిన పిల్లలు బండి ఎక్కి గంతులేస్తున్నారు. వాళ్ళను నవ్విద్దామని ఐలయ్య డోలును అక్కడే ఉంచి, వంగి పుల్లతో ఒక్కటి వేశాడు.

అండాలు కొయ్యబారింది. తన పాదాల వైపు చూసుకుంది. వేలెత్తి ఇంకొకటి అంది. ఐలయ్య ఇంకొకటి వేశాడు. అంతే, ఆ పిల్ల బండి మీద నుంచి దూకి తల్లి మణికట్టు పట్టుకుని లాక్కొచ్చింది. చెప్పులు విడవమని సైగ చేసింది. బండి ఎక్కించింది. తల్లి వెనక నిలబడి, తన రెండు అరచేతులతో తల్లి చెవులు గట్టిగా మూసేసింది.

ఐలయ్య వాయించాడు. రుక్కమ్మకు చప్పుడు సన్నగా, ఎక్కడో దూరాన ఉన్నట్టు ఉంది. కానీ మడమల్లోంచి ఏదో పైకి పాకింది. పిక్కలు దాటి, మోకాళ్ళు దాటి, కడుపులో ధిమ్మని ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. రుక్కమ్మ వెనక్కి తిరిగి కూతురి మొహం చూసింది.

"ఓ టీచరమ్మా! ఉరికి రా! జర చెప్పులిడిసి రా!" అని కేకేసింది.

రాజరాజేశ్వరి బండి ఎక్కింది. చెవులూ కళ్ళూ మూసుకుని నిలబడింది. కొంచెంసేపటికి కళ్ళు తెరిచి, "పాత మేడ..." అంది. "ఆ చెక్కల నేల... అయ్యో రుక్కమ్మగారూ, ఇన్నేళ్ళూ నా తల చూసి ఆడుతున్నారనుకున్నానండీ! మెడ నొప్పి పుట్టేదాకా ఊపాను!"

"ఊపినంత ఊపినవుగని, ఇప్పుడేం జేద్దాం గది చెప్పు" అంది రుక్కమ్మ.

రుక్కమ్మ, టీచరు, ఐలయ్య ముగ్గురూ లోపలికి వెళ్ళారు. స్టేజీ మీద బండలకు బదులు చెక్కలు, కింద బోలుగా ఉండేట్టు పరిపించమని అడిగారు. యజ్ఞనారాయణ మొహం ఎర్రబడింది.

"ఆ బండలు నేను తాండూరు దాకా వెళ్ళి ఏరి తెచ్చాను. వాటి మీద పశువుల కొట్టంలాగా చెక్కలా? పెద్దాయన ముందు? ప్రసక్తే లేదు. రాజరాజేశ్వరిగారూ, మీరు ఉద్యోగం చేస్తున్నారు, అది గుర్తుంచుకోండి. వార్షికోత్సవంలో కోలాటం స్టేజీ మీదే జరగాలి. ఇదే నా ఆఖరి మాట."

"సారూ, ఆ బండలల్ల మీ మొఖం మీకు కనవడ్తది. పిల్లలకేం కనవడాలె?" అంది రుక్కమ్మ.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మూసాపేట సెంటర్లో అప్పుడు దుకాణాలకు ఇనుప షట్టర్లు లేవు. నిలువు చెక్క పలకలు ఉండేవి. పొద్దున్నే ఒక్కో పలకా గాడిలోంచి పైకెత్తి తీసి పక్క గోడకు ఆనించేవాళ్ళు. పొద్దుగూకాక మళ్ళీ వరసగా దించి గడియ వేసేవాళ్ళు. వరస తప్పకుండా ఉండాలని ప్రతి పలక మీదా సున్నంతో అంకె రాసి ఉండేది. వార్షికోత్సవం మధ్యాహ్నం. అంటే పలకలన్నీ ఆ వేళ గోడలకు ఆని నిద్రపోతుంటాయి.

కిరాణా రామచంద్రం ముందు రుక్కమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పలకలా? పిల్లలు తొక్కనీకా? నా దుకాణం మూసేది వాటితోనే గదనే రుక్కమ్మా!"

"పగటీలి మూస్తవా దుకాణం?"

"మూయ."

"మరి పగటీలి వాటితోని నీకేం పని?"

రామచంద్రం పలకల వైపు చూసి, "నీతోని వాదులాడుడు కంటె ఇచ్చుడే నయం" అన్నాడు. "పొద్దుగూకంగనే నా పలకలు నాకు రావాలె. ఒక్కటి తప్పినా ఊకోను." ఆయన ఇచ్చాక టైలరిచ్చాడు, సైకిలు షాపతనిచ్చాడు, హోటలాయన ఇచ్చాడు.

వార్షికోత్సవం రోజు పొద్దున ఐలయ్య బండి నాలుగు తిరుగుళ్ళు తిరిగింది. స్టేజీ మీద పెట్టనివ్వరు కనక, ఆవరణకు ఆ చివర, కుర్చీల వరసలన్నీ దాటాక, మట్టి మీద దూలాలు పరిచి వాటి మీద పలకలు వరసగా పేర్చి మేకులు కొట్టకుండా తాళ్ళతో బిగించారు. యజ్ఞనారాయణ చూశాడు. జనం కూర్చోడానికేమో అనుకుని ఊరుకున్నాడు.

పెద్దాయన చాలా ఆలస్యంగా వచ్చారు. ఆయనకు దండ, తర్వాత ఆయన ఉపన్యాసం, తర్వాత కార్యదర్శి ఉపన్యాసం. పొద్దు వాలింది. ఎట్టకేలకు యజ్ఞనారాయణ మైకులో, "ఇప్పుడు మా బాలికల కోలాటం" అన్నాడు.

పిల్లలు వరసగా లేచారు. ముందు అండాలు. స్టేజీ మెట్ల దాకా వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టలేదు. పక్కకు తిరిగి, కుర్చీల మధ్యగా, స్టేజీకి వీపు పెట్టి నడిచింది. వెనకాల పిల్లలందరూ నడిచారు.

"పిల్లలూ! ఇటు! ఇటు రండి! అటు కాదు!" అని యజ్ఞనారాయణ మైకులో అరిచాడు. గట్టిగా అరిచాడు. మైకు కుయ్యిమంది. ఎంత అరిస్తే ఏం, ఆ వీపులకు చెవులు లేవు. అది ఆయనకు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. ఈలోగా జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "రాజరాజేశ్వరిగారూ, మీరైనా చెప్పండి!" అన్నాడు.

రాజరాజేశ్వరి మద్దెల చంకలో పెట్టుకుని స్టేజీ పక్కన నిలబడి ఉంది. ఆయనకు నమస్కారం పెట్టి, తనూ పిల్లల వెనకాలే నడిచింది.

రుక్కమ్మ లేచి తన కుర్చీ ఎత్తి, గిర్రున తిప్పి, స్టేజీకి వీపు పెట్టి కూర్చుంది. పక్కనున్న తల్లి తిప్పింది. వరస వరసే తిరిగింది. ఆవరణంతా కుర్చీల గరగర. స్టేజీ మీదున్న పెద్దాయనకు తిరగాల్సిన పని లేదు, తలల మీదుగా నేరుగా పలకలే కనపడుతున్నాయి. యజ్ఞనారాయణ ఒక్కడే మైకు పట్టుకుని వీపులకు ఎదురుగా మిగిలాడు.

చెప్పులు లేని పాదాలు పలకల మీదికెక్కాయి. ఐలయ్య డోలును పలకల మీద దింపాడు. టీచరు మద్దెలను ఒళ్ళో కాక చెక్కకు ఆనించి పెట్టుకుంది. ఈసారి తల ఊపలేదు. వలయాలు కదిలాయి. అండాలు కోల ఎత్తింది, అందరూ ఎత్తారు. కొట్టారు. అన్ని కోలలకూ కలిపి ఒకటే దెబ్బ. కూర్చుంటూ లేస్తూ తిరిగారు, జడ అల్లినట్టు ఒకరి మధ్యలోంచి ఒకరు దూరి బయటికొచ్చారు. డోలు వేగం పెంచితే పాదాలు పెంచాయి. ఒక్క వేలికీ దెబ్బ తగల్లేదు. ఐలయ్య ఆపిన చోట, టక్కున, అన్ని పాదాలూ ఆగాయి.

చప్పట్లు కొట్టేవాళ్ళలో పెద్దాయనే ముందు లేచి నిలబడ్డారు. యజ్ఞనారాయణ తేరుకుని, "మా బడి క్రమశిక్షణ ఎలాంటిదో చూశారు కదా..." అని మొదలుపెట్టాడు.

అప్పటికే గేటు దగ్గర రామచంద్రం, మిగతా దుకాణాలవాళ్ళు పలకల కోసం వచ్చి నిలబడ్డారు. రుక్కమ్మ వెళ్ళి పలకల మధ్యలో కూర్చుంది.

"సారూ, క్రమశిక్షణ తర్వాత. జూన్ల ఆట గంట ఉంటదా, బందయితదా? ఆ స్టేజీ మీద కట్టె పరుస్తరా, లేదా? గది చెప్పినంకనే నేను లేస్త, పలకలు లేస్తయి."

యజ్ఞనారాయణ దిగి గబగబా వచ్చాడు. "ఇదేమిటమ్మా ధర్నా? ఎమర్జెన్సీ రోజులు! పోలీసులు చూస్తే నీతో పాటు నన్నూ తీసుకుపోతారు!"

"ఆడపిల్లల ఆటకు ఎమర్జెన్సీ ఏంది సారూ? తీస్కపోతే పోనీ, ఆడ గూడ అడుగుత."

"వీళ్ళ దుకాణాలు తెరిచి ఉన్నాయి. దొంగలు పడితే పాపం నీదే. ఏమయ్యా, మీ పలకలు మీరు తీసుకోండి!"

రామచంద్రం ముందుకొచ్చాడు. పలక అంచు పట్టుకోబోయాడు. అండాలు రుక్కమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆయన్ని చూసింది. ఏమీ చెయ్యలేదు, మడమతో పలక మీద ఒక్కటి తన్నింది. ఆ అదురు పలక అంచున ఉన్న రామచంద్రం వేళ్ళలోకి పాకింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా దుకాణం ఇయ్యాల తెరిచే ఉంటది సార్" అన్నాడు. "నా పెండ్లాం గల్లా మీద కూసున్నది. దాన్ని దాటి లోపటికి నేనే పోలేను, దొంగేం పోతడు? నా పలకల మీద ఇంత మంచిగ ఆడిన ఆట, రేపటికెల్లి లేదంటే నాకు మనసొప్పదు."

"నాదీ తెరిచే ఉంటది" అన్నాడు టైలరు.

పెద్దాయన స్టేజీ దిగి వచ్చి ఏమిటి సంగతని అడిగారు. యజ్ఞనారాయణ ఆయన్ని చూశాడు, పలకలు చూశాడు, ఎదురుగా తిరిగి ఉన్న కుర్చీలు చూశాడు. "ఏం లేదండీ. ఆట గంట ఉంటుంది. చెక్కలు కూడా పరిపిస్తాం" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు చెప్పుడెందుకు సారూ?" అంది రుక్కమ్మ. "ఆడేటోళ్ళకు చెప్పుండ్రి."

పిల్లలందరూ ఆయన వైపే చూస్తున్నారు. మసక చీకటి పడుతోంది. ఆయన పెదవులు వాళ్ళకు కనపడవు. రెండు మూడుసార్లు నోరు తెరిచాడు, మూశాడు. అండాలు ఆయన ముందుకొచ్చి రెండు చూపుడు వేళ్ళు కొట్టి, అరచెయ్యి తిరగేసి చూపించింది. కోలాటం, ఉందా?

యజ్ఞనారాయణ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత, పిల్లలు చేతులు ఊపితే బెత్తం పట్టుకునే ఆ మనిషి, తన రెండు చూపుడు వేళ్ళు పైకెత్తి, అందరికీ కనపడేలా, ఒకదానికొకటి కొట్టాడు. ఉంది.

పలకల మీద పాదాల మోత లేచింది.

మర్నాటికి పలకలన్నీ దుకాణాలకు చేరాయిగానీ ఎవరివి ఎవరికి వెళ్ళాయో దేవుడికే తెలియాలి. సున్నం అంకెలు పాదాల కింద అరిగిపోయాయి. టైలరు పలకతో రామచంద్రం, రామచంద్రం పలకతో హోటలాయన చాలా నెలలు దుకాణాలు మూసుకున్నారు. రామచంద్రం దుకాణం తలుపు ఒక మూల వేలెడు సందు మిగిలిపోయేది. పిల్లి దూరినప్పుడల్లా ఆయన రుక్కమ్మను తిట్టేవాడు. ఆమె ఆ పిల్లికి పేరేం పెట్టావని అడిగేది.

యజ్ఞనారాయణ ఆమెతో మాట్లాడడం మానేశాడు. మాట మాత్రం తప్పలేదు. బండలు తీయకుండా వాటి మీద జానెడెత్తున దుంగలు పరిపించి, మద్ది చెక్క వేయించాడు. పని తన పనే కనక అతుకు కనపడకుండా వేయించాడు. బడి తెరిచిన రోజు ఆయన, టీచరు, పిల్లలు, ఐలయ్య అందరూ స్టేజీ దగ్గర చేరారు. ఎవరు ముందు ఎక్కాలా అని చూసుకుంటుంటే రుక్కమ్మ చెప్పులు విడిచి ఎక్కేసింది. నట్టనడుమ నిలబడి, తన చెవులు తనే గట్టిగా మూసుకుంది.

"ఊఁ, కొట్టు తమ్మీ" అంది. "ఏమంటదో చూస్త."